మైకు ఆపుకుని ఆడే ఆట

మా అక్క కూతురు ఆటలో మగపిల్లాడు. ఈ సంగతి నాకు 2022 ఫిబ్రవరిలో తెలిసింది.

మిరపకోతలు ముమ్మరంగా సాగాల్సిన కాలం అది. చిలకలూరిపేట దగ్గర మా ఊరు. అక్కావాళ్ళు రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేశారు. ఆ ఏడు నల్ల తామరపురుగు పూతని పూతగానే తినేసింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్నో చేలు కాయ పట్టకుండానే మాడిపోయాయి. కొందరు ఎదురుచూసి లాభం లేదని దున్నేశారు. అక్కని ఓదార్చడానికని నేను గుంటూరు నుంచి వెళ్ళాను. ఓదార్చడానికి అక్క ఇంట్లో ఉంటేగా! పక్కూళ్ళో ఎవరిదో చేను కొద్దోగొప్పో కాసిందని కూలికి వెళ్ళింది. డాబా మీద దాని కూతురు ఒక్కతే ఫోను పట్టుకుని కూర్చుని ఉంది.

పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతున్నాయి. 2020లో బడులు మూసేసినప్పుడు ఆన్‌లైన్ పాఠాల కోసమని అప్పు చేసి కొన్న ఫోను అది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, రెండు బొటనవేళ్ళూ తెర మీద చకచకా కదులుతున్నాయి. నలుగురు జట్టుగా ఏర్పడి ఒక దీవిలో దిగి కడదాకా బతికి ఉండాల్సిన ఆట. ఆ నలుగురిలో ముగ్గురు అరుస్తున్నారు, నవ్వుకుంటున్నారు, తిట్టుకుంటున్నారు. ఇది మాత్రం నోరు మెదపడం లేదు.

"నువ్వు మాట్లాడవేంటే?" అని అడిగాను.

"మైకు ఆన్ చేస్తే ఆడపిల్లనని తెలిసిపోద్ది పిన్నీ."

ఒకప్పుడు తన పేరుతోనే ఆడేదట. ఒకసారి పక్కవాడిని హెచ్చరించబోయి మైకులో కేక వేసింది. ఆ తర్వాత అవతలివాళ్ళు అన్న మాటలు నాకు చెప్పలేక తల దించుకుంది. అందులో ఒకడు వారాల తరబడి ఫోటో పంపమని వెంటపడ్డాడు. దాంతో ఆ పేరు తీసేసి, ఒక మగపేరు పెట్టుకుని, మైకు ఆపుకుని, చెప్పాల్సిందేదో టైపు చేస్తూ ఆడుతోంది. "ఇప్పుడు అందరూ నన్ను బ్రో అంటారు. నేను ఎటు పొమ్మంటే అటే పోతారు" అంది. ఆ మాట అన్నప్పుడు దాని ముఖంలో కనిపించిన వెలుగుని అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెబుతాను. స్త్రీల అస్తిత్వం గురించి సెమినార్లలో పత్రాలు చదివాను. మగపేరు చాటున రాసిన రచయిత్రుల గురించి క్లాసులో గంటలు గంటలు చెప్పాను. అయినా ఆ రోజు నేను చేసిన పని ఏ ఇంట్లోనైనా ఏ పెద్దవాళ్ళైనా చేసే పనే. సాయంత్రం అక్క రాగానే చెప్పేశాను. ఫోను అడిగి తీసుకుని నా చేత్తోనే ఆ ఆట తీసేశాను. "నీ మంచి కోసమేనమ్మా" అన్నాను. అది ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"నా వయసులో నువ్వు నవలలు చదవలా పిన్నీ?"

ఆ తర్వాత నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు.

* * *

చదివాను. ఎలా చదివానో గుర్తు చేసుకుంటే గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

1987-88 పత్తి ఏడు అంటే మా ప్రాంతంలో ఇప్పటికీ పెద్దవాళ్ళకి గుర్తే. మందు మీద మందు కొట్టిన కొద్దీ తెల్లదోమ పెరిగింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పులు తీర్చలేక పత్తిరైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. మా నాన్న బతికి బయటపడ్డాడు. కానీ ఇద్దరమ్మాయిల్లో ఒకరినే చదివించగలనన్నాడు. అక్క తొమ్మిదిలో ఉంది, నేను ఏడులో. అక్క ఆపేసింది. "ఆపేసింది" అనే మేమంతా అంటాం, అదేదో దాని ఇష్టమైనట్టు.

ఏ ఏడాదైనా పత్తి తీసిన రోజుల్లో మా ముందుగదినిండా పత్తి పోసి ఉండేది. ఆ గుట్ట మీద పడుకుని నేను చందమామలూ వారపత్రికల సీరియళ్ళూ చదివేదాన్ని. రాకుమారుడు ఏడు సముద్రాలు దాటుతుంటే నేనూ దాటేదాన్ని. ఆ సమయంలో నన్నెవరూ పిలిచేవారు కాదు, "చదువుకుంటోంది" అనేవారు. అక్క కూడా చదివేది. కానీ దానికి ఒక పేజీ పూర్తిగా దొరికేది కాదు. ఎసరు మరిగిందని ఒక పిలుపు, గేదె తాడు తెంచుకుందని మరో పిలుపు. మధ్యలో ఆపిన చోట వేలు పెట్టి వెళ్ళేది. తిరిగి వచ్చేసరికి పుస్తకం నా చేతిలో ఉండేది. కొన్నాళ్ళకి వేలు పెట్టడం మానేసింది.

లేని లోకంలోకి వెళ్ళి రావడం అనేది నాకు అలా దక్కింది. అక్క కూతురికి దక్కినదాన్ని నేనే లాగేసుకున్నాను. ఆ గిల్టీ ఫీలింగ్‌తోనే, వర్చువల్ రియాలిటీ ఆటల మీద పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లల కోసం రాసే నవలలు చదవడం మొదలుపెట్టాను. పుస్తకాల షాపుల్లో "యంగ్ అడల్ట్" అని వేరే అరలో పెడతారే, అవి. తెలుగులో పసిపిల్లలకూ పెద్దవాళ్ళకూ మధ్య ఉన్న ఈ వయసు కోసం రాసేది చాలా తక్కువ. అందుకే ఇంగ్లీషు పుస్తకాలే పట్టుకున్నాను. హెడ్‌సెట్ అంటే ఏమిటో మా ఊళ్ళో అప్పటికి ఎవరూ చూడలేదు. అయినా ఆ పుస్తకాల్లో నాకు మా ఊరే కనిపిస్తూ వచ్చింది.

మొదట చదివింది వివియన్ వాండె వెల్డె 2002లో రాసిన "హెయిర్ అపేరెంట్". పద్నాలుగేళ్ళ పిల్ల జియానీన్ ఒక గేమింగ్ సెంటరులో వర్చువల్ రియాలిటీ ఆటకి వెళుతుంది. ఆటలో ఆమె గొర్రెలు కాసుకునే పిల్ల. ఉన్నట్టుండి రాజ్యానికి వారసురాలివి నువ్వే అంటారు. మూడు రోజులు ప్రాణాలతో ఉంటే పట్టాభిషేకం. చనిపోతే మళ్ళీ మొదటినుంచీ ఆడాలి. ఈలోగా బయట, ఇలాంటి ఆటలు పిల్లల్ని పాడుచేస్తున్నాయని ఆందోళన చేసేవాళ్ళు సెంటరులో చొరబడి యంత్రాలు విరగ్గొడతారు. యంత్రం పాడవడంతో జియానీన్ ఆటలో ఇరుక్కుపోతుంది. తొందరగా గెలిచి బయటపడకపోతే మెదడుకే ప్రమాదం.

ఆ పిల్లని ప్రమాదంలో పడేసింది ఆట కాదు. పిల్లల్ని కాపాడతామని వచ్చినవాళ్ళు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. నా చేతిలో ఫోను, తెర మీద "తీసేయమంటారా?" అన్న ప్రశ్న, నేను నొక్కిన "అవును" కళ్ళముందు కదిలాయి.

* * *

ఈ రకం కథలకి మూలపురుషుడిగా చెప్పుకునే కథ స్టాన్లీ వైన్‌బామ్ 1935లో రాసిన "పిగ్మేలియన్స్ స్పెక్టకిల్స్". ఒక ముసలి ప్రొఫెసరు కళ్ళజోడొకటి తయారుచేస్తాడు. అది పెట్టుకుంటే చూపూ శబ్దమే కాదు, రుచీ వాసనా స్పర్శా అన్నీ తెలుస్తాయి, కథలో మనమే పాత్రలమవుతాం. కథానాయకుడు అది పెట్టుకుని అందులోని గలాటియా అనే అమ్మాయితో ప్రేమలో పడతాడు. కళ్ళజోడు పెట్టుకునేది మగవాడు. లోపల కనిపించేది ఆడది. తొంభయ్యేళ్ళ కిందట తొలి అడుగులోనే చూసేవారెవరో, చూడబడేవారెవరో తేలిపోయింది.

1973లో జేమ్స్ టిప్ట్రీ జూనియర్ రాసిన "ద గర్ల్ హూ వాజ్ ప్లగ్డ్ ఇన్" ఈ బొమ్మని తిరగేసింది. పి. బర్క్ అనే పదిహేడేళ్ళ పిల్లది వికారమైన రూపం. లోకం ఆమెను తిప్పికొడుతుంది. ఒక కంపెనీ ఆమెని నేలమాళిగలో తీగలకి కలిపి, డెల్ఫీ అనే అందాల బొమ్మ శరీరాన్ని దూరం నుంచి నడిపించే పనిలో పెడుతుంది. డెల్ఫీ చేతిలో ఏ వస్తువు కనిపిస్తే అది అమ్ముడవుతుంది. నవ్వేది డెల్ఫీ, నవ్వించేది పి. బర్క్, లాభం కంపెనీది. చివరికి చచ్చిపోయేది పి. బర్క్. ఈ రచనకి 1974లో హ్యూగో అవార్డు వచ్చింది. టిప్ట్రీ రచనల్లో ఉన్నంత మగతనం ఆడవాళ్ళ రాతకి రాదని 1975లో రాబర్ట్ సిల్వర్‌బర్గ్ అనే ప్రముఖ రచయిత ముందుమాటలో వాదించాడు. రెండేళ్ళు తిరక్కుండానే టిప్ట్రీ అసలు పేరు ఆలిస్ షెల్డన్ అని లోకానికి తెలిసింది.

తెలుగులో మనకిది తిరగబడి జరిగింది. వారపత్రికల్లో రచయిత్రుల నవలలు ఏలిన రోజుల్లో ఎందరో మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని సీరియళ్ళు రాశారు. దాన్ని చమత్కారంగా చెప్పుకుని నవ్వుకుంటాం. మగవాడు ఆడపేరు పెట్టుకుంటే అది అమ్మకానికి పనికొచ్చే ఉపాయం. ఆడది మగపేరు పెట్టుకుంటే అది బతకడానికి పెట్టుకున్న అడ్డుగోడ. రెండూ ఒకటే వేషమని ఎలా అనగలం?

ఇది రాస్తుంటే "మాయాబజార్" గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? తెనాలివాడైన చక్రపాణి, నాగిరెడ్డితో కలిసి నిర్మించి 1957లో విడుదల చేసిన సినిమా. అందులో ప్రియదర్శిని పెట్టె ఉంది. మూత తెరిచినవారికి ఏది ప్రియమో అది కనిపిస్తుంది. బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు, కృష్ణుడికి శకుని. శశిరేఖ మాత్రం అందులో అభిమన్యుడిని చూసి, అతనితో పాడుకుంటుంది కూడా. ఆ సినిమాలో శశిరేఖకి తనదంటూ దక్కిన చోటు ఆ పెట్టె ఒక్కటే. పెద్దవాళ్ళు కుదిర్చిన పెళ్ళి ఇష్టం లేదని ఏడవడమే తప్ప, దాన్ని తప్పించే పని ఆమె చేతికి ఇవ్వరు. నిద్రలో ఉండగా మంచంతో సహా ఎత్తుకుపోయి ఆశ్రమంలో దించుతారు. ఆమె రూపంలో వచ్చి లక్ష్మణకుమారుడిని ముప్పుతిప్పలు పెట్టేది ఘటోత్కచుడు. అంటే శశిరేఖ ఒక అవతారు, ఆడేది మగవాడు. ఆమె పోరాటం కూడా ఇంకొకరే ఆడిపెడతారు.

అయితే తెర మీద ఇదంతా నటించినది మన గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రి. ఆడదాని రూపంలో ఉన్న మగవాణ్ణి, ఆ నడకనీ ఆ పొగరునీ ఒక ఆడదే చేసి చూపించింది. చిన్నప్పుడు ఊళ్ళో తెర కట్టి వేస్తే అక్కా నేనూ ఆ ఘట్టానికి పడీపడీ నవ్వాం. ఇప్పుడనిపిస్తోంది, ఆడపిల్ల అంత ధీమాగా నడవడానికి లోపల ఘటోత్కచుడున్నాడన్న నెపం కావలసివచ్చింది గదా అని. మా పిల్లకి మగపేరు కావలసివచ్చినట్టే.

* * *

2011లో వచ్చిన ఎర్నెస్ట్ క్లైన్ నవల "రెడీ ప్లేయర్ వన్" స్పీల్‌బర్గ్ 2018లో సినిమాగా తీశాక అందరికీ తెలిసింది. అందులో నాయకుడి ప్రాణస్నేహితుడు ఎయిచ్ ఆటలో తెల్లజాతి యువకుడు. ఎదురుపడినప్పుడు చూస్తే నల్లజాతి అమ్మాయి. ఈ ఉపాయం ఆమెకి నేర్పింది తల్లి. ఆ తల్లి తన ఉద్యోగ వ్యవహారాలన్నీ తెల్ల మగవాడి అవతారులోనే నడుపుకుంది. ముఖం కనిపించకపోతే మర్యాద దక్కుతుందని ఆమెకి తెలుసు. కూతురు తన ప్రేమ ఆడవాళ్ళ మీదేనని చెప్పిన రోజున ఇంట్లోంచి పొమ్మన్నదీ ఆ తల్లే. వేషం నేర్పిన చెయ్యే గెంటేస్తుంది. ఆ నవలలో ఇది కొద్ది పేజీల ముచ్చటే. నన్ను పట్టుకున్నది మాత్రం అదే.

ఎందుకంటే మా అక్కకీ ఒక అవతారు ఉంది. మిరపచేలోకి దిగేముందు చీర మీద బావ పాత చొక్కా తొడుక్కుంటుంది. పొడుగుచేతులు, మెడదాకా బొత్తాలు. తలకీ ముఖానికీ తువ్వాలు చుడితే కళ్ళు మాత్రమే కనిపిస్తాయి. గుంటూరు నుంచి చిలకలూరిపేట మీదుగా ఒంగోలు పోయే దారిలో చేలవైపు చూడండి, కోతల కాలంలో వరసగా మగచొక్కాలే వంగి ఉంటాయి. అవన్నీ ఆడవాళ్ళవే. ఎండకీ ఘాటుకీ పురుగుమందు వాసనకీ కాపలా అది. ఆ చొక్కా తొడుక్కున్నంత మాత్రాన మగకూలి మాత్రం ఎవరూ ఇవ్వరు.

కూతురు ఆటలో తొడుక్కున్నదీ ఆ చొక్కానే. తల్లి చేలో చేసే పనే కూతురు తెర మీద చేసింది. చేలోంచి వచ్చిన అక్క చొక్కా విప్పి దులిపి దండెం మీద వేస్తుంటే నేను ఏనాడైనా "ఎందుకే ఈ వేషం?" అని అడిగానా? కూతుర్ని మాత్రం అడిగాను.

ఇంకో నవల గురించి చెప్పాలి. కోరీ డాక్టరో 2010లో రాసిన "ఫర్ ద విన్". పల్లె నుంచి ముంబాయి ధారావికి వచ్చి పడిన మాలా అనే పిల్ల అందులో ఉంది. ఇంటర్నెట్ కేఫులో ఆడీ ఆడీ ఒక పిల్లల సైన్యానికి అధిపతి అవుతుంది. జనరల్ రోబోట్‌వాలా అని బిరుదు. ఆటలోని బంగారాన్ని రాత్రింబవళ్ళు కూడబెట్టి, డబ్బున్న దేశాల ఆటగాళ్ళకి అమ్మే పని ఒకటుంది. దాన్ని "గోల్డ్ ఫార్మింగ్" అంటారు. ఆ పనివాళ్ళనే ఆటలో వెంటాడి కొట్టడానికి మాలాని కూలికి పెట్టుకుంటారు. తను కొడుతున్నది తనలాంటి కూలివాళ్ళనేనని తెలుసుకోవడం, చైనాలోనూ మన దేశంలోనూ ఉన్న ఆ పిల్లలంతా సంఘం కట్టడం, అదీ కథ.

గోల్డ్ ఫార్మింగ్ అన్న మాట మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. బంగారం సేద్యం! మా ప్రాంతంలో అది కొత్త మాటా? పత్తిని తెల్లబంగారమనీ మిరపని ఎర్రబంగారమనీ ఎన్నేళ్ళుగా అంటున్నారు! ఏరేవాళ్ళకి ఆ బంగారంలో ఎంత దక్కిందో అక్క చేతులు చూస్తే తెలుస్తుంది. తొడిమలు తీసీ తీసీ వేళ్ళ చివర్లు మండుతుంటే రాత్రిపూట కొబ్బరినూనె రాసుకుని, నిద్రలో పొరపాటున కళ్ళు తుడుచుకోకుండా చేతులు దుప్పటి బయట పెట్టుకుని పడుకుంటుంది. గుంటూరు యార్డులో టిక్కీల లెక్కన ధర పలికేది ఆ కాయలే. తాలు కాయ, మంచి కాయ వేరుచేసిన చేతుల గురించి అక్కడ ఎవరూ మాట్లాడరు. వర్చువల్ లోకమైనా నల్లరేగడి చేనైనా, ఎవరు ఏరుతున్నారు, ఎవరు అమ్ముకుంటున్నారు అన్న ప్రశ్న మారదు.

* * *

ఈ నవలలు చాలావాటికి చివర్లో ఒక నీతి ఉంటుంది. మాయలోకం ఎంత బాగున్నా అసలు లోకమే అసలు, హెడ్‌సెట్ తీసి బయటికి రా, అని. పెద్దవాళ్ళకి ఆ నీతి చాలా నచ్చుతుంది. నాకూ నచ్చింది, ఆ ఫిబ్రవరి సాయంత్రం ఫోను లాక్కున్నప్పుడు. కానీ "బయటికి రా" అనేముందు బయట ఏముందో చూడాలి కదా. ఆ రోజు మా పిల్లకి బయట ఉన్నదేమిటి? ఎండిపోయిన చేను. అప్పు లెక్క. పది పాసైతే ఇంటరా, పెళ్ళా అని పక్కగదిలో గుసగుసలు. ఆటలో ముగ్గురు దాని మాట వింటున్నారు. ఇంట్లో ఒక్కరూ వినడం లేదు. వాస్తవంలోకి రమ్మని పిలవడం మనలాంటివాళ్ళకి తేలిక. మన వాస్తవంలో ఒక గదీ ఒక తలుపూ ఉన్నాయి.

ఆట మంచిదని నేననడం లేదు. గంటల తరబడి తెరకి అతుక్కుపోయి చదువులు పోగొట్టుకున్న పిల్లలు నా క్లాసులోనే ఉన్నారు. ఆటల్లో అమ్మాయిల్ని వేటాడే మగతనం అసలు లోకంలోదే, అక్కడ కొత్తగా పుట్టలేదు. నేను అనేది ఒకటే. అమ్మాయిని మాట్లాడనివ్వని ఆటని చూసి, ఆ అమ్మాయి చేతిలోంచి ఆటని లాగేయడం పరిష్కారమని ఎలా అనుకున్నాను? వీధిలో ఎవడో వెంటపడ్డాడని ఆడపిల్లని బడి మాన్పించడాన్ని వ్యతిరేకిస్తూ ఇన్నేళ్ళు మాట్లాడిన దాన్ని కదా!

2019లో బ్రిట్నీ మోరిస్ "స్లే" అనే నవల రాసింది. కీరా అనే పదిహేడేళ్ళ నల్లజాతి అమ్మాయి, ఆటల్లో తనలాంటివాళ్ళని తిట్టేవాళ్ళతో విసిగిపోయి, నల్లజాతివాళ్ళ కోసం తనే ఒక వర్చువల్ రియాలిటీ ఆట తయారుచేస్తుంది. ఇంట్లోవాళ్ళకీ ప్రేమించినవాడికీ కూడా తెలియనివ్వదు. ఆట గొడవ ముదిరి బయట ఒక కుర్రాడి హత్య జరిగేసరికి, లోకమంతా ఆ ఆట మీదా, తయారుచేసినదెవరో తెలియకుండానే ఆమె మీదా విరుచుకుపడుతుంది. ఆ పుస్తకాన్ని మా పిల్లకి ఇచ్చాను. అది నాలుగు రోజుల్లో చదివి, "ఈ పిల్ల కూడా ఇంట్లో చెప్పలా, చూశావా పిన్నీ" అంది. నేను చదివింది జాతి గురించీ స్త్రీ గురించీ. అది చదివింది పెద్దవాళ్ళకి చెప్పలేకపోవడం గురించి. ఇద్దరం చదివింది ఒకే నవల.

అప్పటికే మేమిద్దరం మాట్లాడుకుంటున్నాం. పదో తరగతి ఫలితాలు వచ్చాక నేనే ఊరు వెళ్ళి, "ఆ ఆట తీసేయడం నాది తప్పు" అని చెప్పాను. పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకోవడం అలవాటు లేని ఇల్లు మాది. అది నమ్మలేనట్టు చూసి, "సర్లే, ఎప్పుడో మళ్ళీ వేసుకున్నా" అంది. ఇంటరు అయ్యాక గుంటూరులో మా ఇంట్లో ఉండి కంప్యూటర్ సైన్సులో డిగ్రీ చదువుతోంది. ఇప్పటికీ ఎప్పుడైనా ఆడుతుంది. ఇప్పటికీ మగపేరే. మైకు ఇప్పటికీ ఆపే ఉంటుంది.

2024 డిసెంబరులో అక్క పని మీద గుంటూరు వస్తే ముగ్గురం ఎగ్జిబిషనుకి వెళ్ళాం. మిరపకాయ బజ్జీల బండి పక్కన వర్చువల్ రియాలిటీ అని బోర్డు పెట్టి ఒక స్టాలు ఉంది. రెండు కుర్చీలు, రెండు హెడ్‌సెట్లు, ఒక కుర్రాడు. మనిషికి ఎనభై రూపాయలు. పిల్ల వద్దంది. "అమ్మకి పెట్టు" అంది. అక్క సిగ్గుపడుతూ కూర్చుంది. హెడ్‌సెట్ తల మీద నిలవలేదు, జారిపోతోంది. బొమ్మ రెండుగా కనిపిస్తోందంది అక్క. ఆడవాళ్ళ కనుపాపల మధ్య దూరం సగటున తక్కువ, చాలా హెడ్‌సెట్లు అంత దగ్గరికి సర్దుకోవు, అందుకే వాళ్ళకి ఎక్కువగా కళ్ళు తిరుగుతాయని 2020లో వచ్చిన ఒక పరిశోధన వ్యాసం చెప్పింది. ఆ కళ్ళజోడు ఇంకా వైన్‌బామ్ కథలోని మగవాడి ముఖానికే కుట్టి ఉంది. అక్క చేత్తోనే దాన్ని ముఖానికి అదిమి పట్టుకుంది.

లోపల సముద్రం. చుట్టూ చేపలు తిరుగుతాయట. అక్క మొదట భయపడి కాళ్ళు ముడుచుకుంది. తర్వాత ఒక చెయ్యి మెల్లగా ముందుకు చాచింది. పచ్చిమిరపకి మాడి నల్లబడిన వేళ్ళు గాలిలో దేన్నో తాకబోయి ఆగాయి. బజ్జీల బండి దగ్గర జనం, మైకులో లక్కీ డ్రా కేకలు, ఎక్కడో పిల్లాడి ఏడుపు. అక్క వేటికీ తల తిప్పలేదు. మూడు నిమిషాలకి కుర్రాడు హెడ్‌సెట్ తీసేశాడు.

"ఎట్టా ఉందే?" అన్నాను.

అక్క కొంచెం సేపు మాట్లాడలేదు. కొంగుతో నుదురు తుడుచుకుంది.

"బానే ఉంది" అంది. "లోపలున్నంతసేపూ నన్నెవరూ పిలవలా."

నేను చప్పున వేరే వైపు చూశాను. వేలు పెట్టిన పేజీ గుర్తొచ్చింది. నేను చదువుకుంటున్నానని ఎవరూ నన్ను పిలవని ఇంట్లో, ఆ పిలుపులన్నీ ఎవరికి వెళ్ళాయో గుర్తొచ్చింది. అక్క లేవబోయింది. కూతురు భుజం పట్టి కూర్చోబెట్టి, పర్సులోంచి ఇంకో ఎనభై రూపాయలు తీసి కుర్రాడి చేతిలో పెట్టింది.

"ఇంకోసారి పెట్టు. ఈసారి సరిగ్గా బిగించు" అంది. అంత గోలలోనూ దాని గొంతు గట్టిగా, స్పష్టంగా వినిపించింది.